పడవలో ఇంకెవరున్నారు?

హిందూ మహాసముద్రంలో, మారిషస్‌కు తూర్పుగా సుమారు 560 కిలోమీటర్ల దూరాన రోడ్రిగ్స్ అనే చిన్న ద్వీపమున్నది. 1897 సెప్టెంబరు 8వ తేదీన అక్కడి రేవులోకి ఒక తెరచాప పడవ గాలివేగంతో దూసుకొచ్చింది. పొడవు 37 అడుగులకు కాస్త తక్కువ. పేరు స్ప్రే. లోపల ఉన్నది ఒకే ఒక్క మనిషి, జాషువా స్లోకం. ఒంటరిగా భూమి చుట్టి రావాలని 1895 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ నుండి బయలుదేరిన నావికుడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ ఊరి ఫాదరుగారు క్రీస్తు విరోధి రాకడను గూర్చి బోధిస్తున్నారట. ఇంకేముంది! "అడుగో, వాడే వచ్చాడు, పడవెక్కి మరీ వచ్చాడు" అని జనం హడలిపోయారు. ఒక ముసలమ్మ ఇంట్లోకి పోయి తలుపులు బిగించుకొని, ఆయన ఉన్న ఎనిమిది రోజులూ బయటికి రాలేదు. ద్వీపాధికారి మాత్రం భార్యాబిడ్డలతో పడవ దగ్గరకే వచ్చి పలకరించాడు. అది చూసి తక్కినవారికీ ధైర్యం వచ్చింది.

సెప్టెంబరు 19న స్ప్రే మారిషస్ ముఖ్యపట్టణమైన పోర్ట్ లూయీ చేరి, క్వారంటైన్ స్థలంలో లంగరు వేసింది. రేవు డాక్టరు వచ్చి, పడవలోని వారినందరినీ వరుసగా నిలబెట్టమన్నాడు. వరుసలో నిలబడింది స్లోకం ఒక్కడే! మిగతావారిని ఎక్కడో దాచాడని డాక్టరుకు అనుమానం. చివరికి కాగితాలు చూశాడు. ప్రతి రేవులోనూ సిబ్బంది ఒక్కరే అని వ్రాసి ఉన్నది. ఇంత దూరం ఒంటరిగా రాగలిగినవాడు ఆరోగ్యవంతుడే గదా అని అనుమతి ఇచ్చి, తన లాంచీతోనే పడవను లోపలికి లాగించాడు.

డాక్టరును చూసి నవ్వుకోనక్కరలేదు. 1867లో మలేరియా జ్వరాలు ఆ పట్టణాన్ని స్మశానం చేసినంత పని చేశాయి. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. జబ్బు మనిషి ఒక్కడు దాగి ఉన్నా ఊరంతటికీ ముప్పే. ఎంత జాగ్రత్తపడినా 1899లో ప్లేగు మారిషస్‌లో అడుగుపెట్టనే పెట్టింది.

ఆ రేవు మన తెలుగువారికీ తెలిసినదే. చెరకు తోటల్లో కూలీలుగా వెళ్లిన మనవాళ్లను అక్కడ, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద, కోరంగీలు అని పిలిచేవారు. వారు ఎక్కిన రాతిమెట్లు నేటికీ ఉన్నాయి. ఆప్రవాసీ ఘాట్ అనే ఆ చోటును యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. స్లోకంను ఆపినది ఒక్క పూట. కూలీలకు డిపోలో బస, ఒంటి పరీక్ష, చేతికొక నంబరు, ఆపైన తోట. ఎవరి కాగితం ఎలాంటిదో దాన్నిబట్టి మర్యాద!

డాక్టరు తరువాత పోస్టల్ అధికారి పడవలో వచ్చాడు. రోడ్రిగ్స్ అధికారి ముందే చెప్పి ఉండడంతో స్లోకం ఆయనను పేరు పెట్టి పిలిచాడు. "నన్నెలా ఎరుగుదువు?" అంటే, మూడువేల ఏండ్ల నాటి పరిచయమని గంభీరంగా చెప్పాడు! పాపం, ఆ పెద్దమనిషి కోపగించుకోక నవ్వేశాడు. అయితే ఆ మాట ఊరంతా ప్రాకి, చీకటిపడ్డాక ఆ పడవెక్కితే దయ్యం పట్టుకుంటుందని పుకారు పుట్టింది. రాత్రిపూట కాపలా అవసరమే లేకపోయింది. దొంగలు పట్టపగలే వచ్చారు. వారికి దొరికింది ఎండుచేపల పెట్టె ఒక్కటే. అదీ ఇంటికి చేరకముందే రేవు ఉద్యోగి ఒకాయన పట్టుకొని వారిని జైలుకు పంపాడు.