మెరిట్ అంటే ఏందయ్యా?

పోయిన వారం ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. "అన్నా, క్లాసులో అందరూ ర్యాంకు అడుగుతున్నారు. చెప్పాలంటే భయంగా ఉంది. మెరిట్ గురించి మాట్లాడితే ఏం జవాబివ్వాలి?" అని. ఆ చెల్లికి రాయబోయిన నాలుగు ముక్కలు పెరిగి ఇంతయ్యాయి. ముందు నా తప్పు చెప్పుకుంటాను.

నేను పీజీ ఎంట్రన్స్ రాసిన ఏడాది ఆఫీసు గోడకు రెండు కాగితాలు అంటించారు. ఒకదాని మీద మెరిట్ లిస్ట్ అని, రెండో దాని మీద రిజర్వేషన్ లిస్ట్ అని. నేను నేరుగా రెండో కాగితం దగ్గరికే పోయాను. పైనుంచి కిందికి మూడుసార్లు చూశాను. నా పేరు లేదు. కాళ్లు చల్లబడ్డాయి. హాస్టల్ అన్న ఒకాయన భుజం తట్టి, "ఒరే, ఇటు చూడు" అన్నాడు. మొదటి కాగితంలో తొమ్మిదో పేరు నాది.

సర్టిఫికెట్లు చూసే ఆయన నా కుల ధ్రువీకరణ పత్రం తిప్పి తిప్పి చూసి, "నువ్వు ఆ లిస్టులో ఉండాలి కదా?" అన్నాడు. నాకు మండిపోయింది. కానీ మొదటి కాగితం వైపు నేనెందుకు చూడలేదో ఆ రోజు నన్ను నేను అడుక్కోలేదు.

సాయంత్రానికి ఇంటికి చేరాను. అమ్మ మిరపకాయల కోత నుంచి అప్పుడే వచ్చింది. "అమ్మా, మెరిట్‌లో సీటొచ్చింది" అన్నాను. "మెరిట్ అంటే ఏందయ్యా?" అంది. "తెలివి అమ్మా" అన్నాను. "ఓహో, మనింట్లో నీకొక్కడికే ఉందన్నమాట" అని నవ్వి, మండుతున్న చేతులకు నూనె రాసుకుంది.

ఆ రెండేళ్లు నేను మొదటి కాగితం వాడినని లోలోపల మురిసిపోయాను. నా రూమ్మేట్ రెండో కాగితం వాడు. నాకన్నా ఆరు మార్కులు తక్కువ. డిగ్రీ మూడేళ్లూ సెలవులొస్తే సెంట్రింగ్ పనికి పోయి ఫీజు కట్టుకున్నవాడు. క్లాసులో వాడి పక్కన కాకుండా రెండు బెంచీలు ముందు కూర్చునేవాణ్ణి. నన్ను ఎవరూ అట్లా కూర్చోమనలేదు.

అమ్మకు చెప్పిన జవాబు తప్పని చాలా ఏళ్ల తర్వాత డిక్షనరీ తిరగేస్తే తెలిసింది.

మెరిట్ అనే మాట పాత ఫ్రెంచి మీదుగా 13వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. మూలం లాటిన్. అక్కడ మెరేరె అంటే సంపాదించడం, కూలి పుచ్చుకోవడం, తగినవాడవడం. రోమన్ సైనికుడు జీతం తీసుకుంటే ఆ క్రియే వాడేవారు. సర్వీసు పూర్తి చేసుకుని విడుదలైన సైనికుణ్ణి ఎమెరిటస్ అన్నారు. ఇవాళ రిటైరైన ప్రొఫెసర్ల పేరు పక్కన కనిపించేది ఆ మాటే. భాషా శాస్త్రవేత్తలు దీని వేరును గ్రీకు మెరోస్‌తో కలుపుతారు. మెరోస్ అంటే భాగం. మన మాటలో చెప్పాలంటే వాటా!

అంటే ఈ మాట పుట్టినప్పుడు దానికి తెలివితో పనిలేదు. చేసిన పనికి దక్కిన వాటా అది. మిరప తోటలో సాయంత్రం అమ్మ చేతిలో పడే కూలి లాంటిది.

మరి తెలుగులో ఏమైంది? మన పేపర్లు దాన్ని ప్రతిభ అని రాస్తాయి. ప్రతిభ సంస్కృత అలంకారశాస్త్రం నుంచి వచ్చిన మాట. దండి కావ్యాదర్శంలో ప్రతిభ సహజంగా వచ్చేదన్నాడు, పూర్వవాసనతో ముడిపెట్టాడు. చదువునీ సాధననీ వేరే లెక్కలో పెట్టాడు. సంపాదించుకునేదాన్ని పుట్టుకతో వచ్చేదిగా అనువాదం చేసుకున్నామన్నమాట. పుట్టుకను బట్టి మనిషిని కొలిచే దేశంలో ఆ అనువాదం ఎవరికి పనికొచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. విచిత్రమేమిటంటే ఆ దండే, ప్రతిభ లేకపోయినా చదువుతో, ప్రయత్నంతో కొలిస్తే వాక్కు కరుణిస్తుందని కూడా అన్నాడు. ఆ మాట మాత్రం ఎవరూ గుర్తు చేయరు.

మెరిటోక్రసీ అనే మాటకూ ఇదే గతి పట్టింది. బ్రిటిష్ సామాజికవేత్త మైకేల్ యంగ్ 1958లో ఆ పేరుతో పుస్తకం రాశాడు. అది వ్యంగ్యం. పరీక్షలతో మనుషుల్ని వడకట్టే సమాజంలో పైకెక్కినవాళ్లు అదంతా తమ గొప్పేననుకుంటారని, కిందివాళ్లకు అవమానమే మిగులుతుందని హెచ్చరిక. లోకం దాన్ని మెచ్చుకోలుగా వాడుకుంది. చివరికి 2001లో ఆయనే పేపర్లో వ్యాసం రాసి బాధపడ్డాడు.

ఇక కోర్టుల సంగతి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి 1985లో వసంత్ కుమార్ కేసులో ఒక సంగతి తేల్చి చెప్పారు. అన్నీ అమరిన ఇంట్లో పెరిగి తెచ్చుకున్న మార్కులనూ, ఏమీ లేని ఇంటి నుంచి వచ్చి తెచ్చుకున్న మార్కులనూ ఒకే తక్కెడలో తూచకూడదన్నారు. అన్ని అడ్డంకులు దాటి వచ్చిన పిల్లవాడే ముందు ముందు ఇంకా బాగా రాణిస్తాడని ఆశించవచ్చన్నారు. 2022లో నీట్ పీజీ కేసులో సుప్రీంకోర్టు కూడా పరీక్ష మార్కులొక్కటే మెరిట్ కాదంది. అయినా లక్షలు పోసి మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాణ్ణి క్లాసులో ఎవరూ మెరిట్ అడగరు. మన చెల్లినే అడుగుతారు.

మాట పుట్టుక చూపించి వాదన గెలవలేం, నాకూ తెలుసు. లాటిన్ చెబితే రోస్టర్ పాయింట్లు నిండవు. కానీ మనల్ని కొట్టే కర్ర ఏ చెట్టుదో తెలిస్తే మన భయం కొంత పోతుంది. నన్ను రెండు బెంచీలు ముందుకు జరిపింది కూడా ఆ కర్రే. నేనది మెడలో దండనుకున్నాను.

మొన్న ఆ రూమ్మేట్‌కు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "నాకప్పుడే తెలుసు లేరా" అన్నాడు. అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

చెల్లీ, ర్యాంకు అడిగితే తలెత్తి చెప్పు. ఆ ర్యాంకు వెనక మీ అమ్మ ఎన్ని రోజుల కూలి ఉందో కూడా చెప్పు. అది నీ వాటా, నువ్వు సంపాదించుకున్నది. మీ క్లాసులో మొదటి కాగితంలో పేరొచ్చిన మన పిల్లలుంటే, వాళ్లను నీ పక్కన కూర్చోమను. నేను కూర్చోలేదు.

జై భీమ్.