ఎగువకి పెట్టిన పడవ ముక్కు

మొన్న రాత్రి హాస్టల్ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, సాపేక్ష వేగం లెక్కలు వదిలేస్తున్నా. ఎప్పుడు కూడాలో, ఎప్పుడు తీసేయాలో అర్థం కావట్లేదు."

ఇంటర్ మొదటి ఏడాదిలో నాదీ అదే గోల. బోర్డు మీద పడవ లెక్క. నది వెడల్పు 1 కిలోమీటరు. ప్రవాహం గంటకు 3 కిలోమీటర్లు. నిలకడ నీళ్ళలో పడవ వేగం గంటకు 5. సరిగ్గా ఎదురు రేవుకి చేరాలంటే ఎంతసేపు? నేను లేచి 5, 3 కలిపి 8 అన్నాను. "నదిని ఎప్పుడైనా చూశావా?" అన్నారు సారు. క్లాసంతా నవ్వింది.

చూడకపోవడమేంటి! మా పేట ఆడోళ్ళంతా గోదావరి దాటి లంకలోకి కూలికెళ్ళేవారు. బడి లేని రోజు అమ్మ వెంట నేనూ పడవెక్కేవాణ్ణి. ఆ వారం ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. "రేవుకి నేరుగా పెడితే కిందికి కొట్టుకుపోదా? ముక్కు ఎగువకి పెట్టాలి గదరా" అంది.

అంతే! 5 అనేది నీళ్ళతో పోలిస్తే పడవ వేగం. 3 అనేది గట్టుతో పోలిస్తే నీళ్ళ వేగం. ఎదురు రేవుకే చేరాలంటే పడవ తన వేగంలోంచి 3ని ఎగువకి పెట్టి ప్రవాహాన్ని కాచుకోవాలి. అడ్డంగా దాటడానికి మిగిలేది 2 కాదు, 4. ఎందుకంటే ఆ రెండు దిశలూ లంబకోణంలో ఉన్నాయి: 25లోంచి 9 తీస్తే 16, దాని వర్గమూలం 4. అంటే 15 నిమిషాలు.

ముక్కు నేరుగా పెడితే 12 నిమిషాలకే ఒడ్డు తగులుతుంది. కానీ ఈలోపు నది 600 మీటర్లు దిగువకి ఈడ్చేస్తుంది. పరీక్షలో "అతి తక్కువ సమయం" అంటే ఇది, "అతి తక్కువ దూరం" అంటే అది. నా మార్కులు పోయింది ఈ రెంటినీ కలిపేసుకునే.

తమ్ముడికి ఒక్కటే చెప్పాను. ప్రతి వేగం పక్కనా "దేనితో పోలిస్తే?" అని రాసుకో. ఎటువైపో బాణం గీసుకో. కూడిక, తీసివేత ఆ తర్వాతే. రైళ్ళ లెక్కయినా, వానలో గొడుగు లెక్కయినా ఇంతే.

సోమవారం జవాబు తెలిసి కూడా నేను క్లాసులో చెయ్యెత్తలేదు. ఆ ఏడాదంతా ఎత్తలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మీరు ఎత్తండి. నది చూశావా అని ఎవరైనా అడిగితే, "దాని మీదే కూలికెళ్ళాం సార్" అని చెప్పి, లెక్క చేసి చూపించండి.