కటికి దారిలో పాత జీపు

బొర్రా నుంచి కటికి జలపాతానికి దారి నాలుగైదు కిలోమీటర్లకు మించదు. నా జీపు వయసెంతో ఆ కాస్త దారిలోనే తెలిసివచ్చింది.

జీపు నాన్నగారిది. 1947లో మహీంద్రావారు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించటం మొదలుపెట్టారు గదా, ఆ వంశానిదే. పెట్రోలు బండి, మూడే గేర్లు. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట దాకా బుద్ధిగా నడిచింది. అనంతగిరి ఘాటీలో కాఫీతోటల చల్లగాలికి అమ్మ చిన్న కునుకు కూడా తీసింది. డెబ్బైఆరేళ్ళ మనిషి. నాన్నగారితో చూసిన జలపాతం మళ్ళీ ఒక్కసారి చూస్తానంటే బయలుదేరదీశాను. బొర్రా దగ్గర అద్దె జీపులవాళ్ళు మా బండిని చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

వానలు వెలిసి వారం కాలేదు. దారికి అడ్డంగా వాగు. అది దాటగానే ఎర్రమట్టి, గుండ్రాళ్ళ దిగుడు. తడిసిన బ్రేకు డ్రమ్ములు పట్టవు. ఇంజనే పట్టి వుంచాలని లో గేరు వేసుకున్నాను. సగం దిగేసరికి లోపల ఠంగుమన్నది. లివరు దానంతటదే తన్నుకుని వచ్చేసింది. ఇక బండికి పగ్గం లేదు. పాతిక గజాలు జారి, ఒక పనసచెట్టు పక్క మట్టిగట్టుకు కొట్టుకుని ఆగింది. ముందున్న రాడ్డు వదలకుండానే అమ్మ, "ఆగిందిట్రా?" అని అడిగింది.

ఆ లివరును అమ్మ రెండుచేతులా అదిమి పట్టుకుంటే, వచ్చినదారినే వెనక్కి ఎక్కాము. జలపాతం చూడనేలేదు.

ఆ రాత్రినుంచి నన్నొక పిచ్చి పట్టుకుంది. గేరుబాక్సు వెనక వుండే చిన్నపెట్టె ట్రాన్స్‌ఫర్ కేసు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ బలం పంచేది అదే. దాని లో గేరు 2.46. మొదటి గేరు 2.798, ఇరుసు 5.38. మూడూ హెచ్చవేస్తే 37: చక్రం ఒక్కసారి తిరగటానికి ఇంజను 37 సార్లు తిరగాలన్నమాట. యీ పెట్టెకే 3.15 పళ్ళ సెట్టు అమెరికాలో వున్నది. అది వేస్తే 47. ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంటే యిప్పుడు బండి 36 మీటర్లు పోతుంది. అప్పుడు 28 పోతుంది. హై గేరు ఎప్పటిలాగే వుంటుంది గనుక రోడ్డుమీద వేగం తగ్గదు. ఖర్చంటారా, సుంకంతో కలిపి నా మూడునెలల జీతం.

శృంగవరపుకోట మేస్త్రీ పెట్టె విప్పుతుండగా యీ లెక్కంతా చెప్పాను. ఆయన మాట్లాడకుండా మధ్య షాఫ్టు తీసి నా చేతిలో పెట్టాడు. గోరు దిగేటంత గాడి పడివుంది. సూది బేరింగులు సగం అరిగాయి.

"37 సాలక కాదు బాబూ, ఆ 37 నిలబడక జారింది. 47 ఏసినా యీ షాఫ్టు మీద నిలబడదు."

"షాఫ్టు ఎలాగూ మారుస్తాం గదా మేస్త్రీ! విప్పిన చేత్తోనే అదీ వేసేస్తే?"

"ఎయ్యొచ్చు. ఆ పెరిగిన బలం ఎనక ఇరుసుకే గదా ఎళ్ళాలి? దాని వయసేటి? అయినా ఎక్కడికెళ్తారు బాబూ మీరు?"

ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. బండరాళ్ళెక్కే పందేలకు వెళ్ళేవాణ్ణి కాను. ఏడాదికి రెండుసార్లు కొండదారి, అంతే. నా లెక్క అంతా ఆ పాతిక గజాల భయం వేయించిన లెక్క. అయినా మనసొప్పక టీకొట్టు దగ్గర అరగంట కూచున్నాను. చివరకు పాత నిష్పత్తే వుంచి, కొత్త షాఫ్టు, బేరింగులు, బ్రేకు లైనింగులు వేయించాను.

కార్తికమాసంలో మళ్ళీ వెళ్ళాము. వాగు దాటాక బ్రేకు పెడలు మెత్తగా తొక్కిపట్టి కొంతదూరం పోనిచ్చి డ్రమ్ములు ఆరబెట్టాను. దిగుడులో బండి ఎద్దులాగా నింపాదిగా దిగింది. చివరి నడక అమ్మ చేతికర్రతో నడిచి, నీటితుంపర మొహాన పడేదాకా వెళ్ళి నిలబడింది.

దిగుడు పొడుగునా ఆవిడ ఎడమచెయ్యి మాత్రం లివరు మీదనే వుంది. అవసరం లేదని చెప్పినా తియ్యలేదు.