దేవదారు నీడలో గుచ్ఛి వేట

పుట్టగొడుగులంటే మనకు తొలకరే గుర్తొస్తుంది. ఆషాఢంలో నాలుగు వానలు పడి, ఆకాశం రెండుసార్లు ఉరిమితే చాలు... చెదపుట్టల మీద తెల్లగా గొడుగులు విచ్చుకుంటాయి. పుట్ట మీద పుట్టింది కాబట్టే అది పుట్టగొడుగు! తెల్లారకముందే లేచి వాటిని ఏరుకొచ్చి, ఉల్లిపాయలూ కారమూ వేసి ఇగురు పెట్టుకునే ఊళ్లు తెలుగునాట ఇప్పటికీ ఉన్నాయి.

హిమాచల్ ప్రదేశ్ కొండల్లో లెక్క వేరు. అక్కడ పుట్టగొడుగుల కాలం చైత్ర వైశాఖాలు. ఇక్కడ మనం ఆవకాయ జాడీలు కడిగి ఎండబెట్టుకునే రోజుల్లో అక్కడ మంచు కరుగుతుంది. తడిసిన నేలకు కాస్త ఎండ తగలగానే దేవదారు చెట్ల కింద ఎండుటాకుల్ని తోసుకుని ఓ వింత ఆకారం తల ఎత్తుతుంది. దాని పేరు గుచ్ఛి. ఇంగ్లిష్‌లో మోరెల్ అంటారు. ఎండబెట్టిన గుచ్ఛి కిలో ధర పదివేల రూపాయల పైమాటే. పెద్ద నగరాల దుకాణాల్లో ముప్ఫై వేలు పలికినా ఆశ్చర్యం లేదు. దాన్ని వెతుక్కుంటూ, వీలైతే నాలుగు ఫొటోలు తీసుకుందామని కులూ జిల్లాలోని బంజార్ లోయకు వెళ్లాం.

బియాస్ ఒడ్డున...

మండీ దాటాక రోడ్డు బియాస్ నదిని పట్టుకునే సాగుతుంది. ఔట్ సొరంగం ఇంకా రాకముందే థలౌట్ అనే ఊరు తగులుతుంది. ఆ పేరు వినగానే బస్సులో ఉన్న తెలుగువాళ్లం మాటలు ఆపేశాం. 2014 జూన్ 8న ఎగువనున్న లార్జీ డ్యామ్ నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్లలో హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయింది ఇక్కడే. పైనుంచి చూస్తే నది ఎంతో ప్రశాంతంగా ఉంది. కొండ నదిని ఎప్పుడూ నమ్మకూడదు.

ఔట్ దగ్గర మనాలీ రోడ్డును వదిలేసి తీర్థన్ నది వెంట తిరిగితే బంజార్ వస్తుంది. అక్కణ్నుంచి ఓ దారి గుషైనీ మీదుగా గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు వైపు, ఇంకోటి జీభీ మీదుగా జలోరీ కనుమకు వెళ్తాయి. ఏప్రిల్ నెల కావడంతో కొండవాలు మీద బురాంశ్ చెట్లు ఎర్రటి పూలతో మండిపోతున్నాయి. ఆ పూలతో పచ్చడి నూరతారు, షర్బత్ చేస్తారు. వాగుల పక్కన ముడుచుకుని ఉన్న లేత ఫెర్న్ చిగుళ్లను లింగ్డీ అని కోసుకొచ్చి కూర వండుతారు. వసంతంలో ఇక్కడి అడవి ఓ కూరగాయల సంతే!

తేనెపట్టు టోపీ

మాకు దారి చూపించడానికి ఒప్పుకున్నది ఓ నలభై ఏళ్ల గృహిణి. మేం దీదీ అని పిలిచాం, ఆమె మమ్మల్ని భాయ్‌సాబ్ అంది. బయల్దేరే ముందే ఆమె రెండు షరతులు పెట్టింది. తన ఊరి పేరు రాయకూడదు. ఫోన్‌తో ఫొటో తీసేట్టయితే అందులో లొకేషన్ ఆపేయాలి. దగ్గరుండి తన కొడుకుతో ఆపించింది కూడా!

దేవదారు, కైల్ పైన్ చెట్ల మధ్య గంట నడిచినా మాకు ఒక్కటీ కనిపించలేదు. ఎండుటాకుల రంగూ గుచ్ఛి రంగూ ఒక్కటే మరి. దీదీ మాత్రం వంగి, చేతికర్రతో ఆకుల్ని అటూ ఇటూ కదుపుతూ ఇరవై అడుగుల్లో మూడింటిని చూపించింది. ‘మొదటిది దొరకడమే కష్టం భాయ్‌సాబ్. ఒకటి కనిపించాక అక్కడే కూర్చోవాలి. మిగతావి వాటంతటవే కనిపిస్తాయి’ అంది. నిజమే... ఆమె చెప్పినట్టు నేలమీద చతికిలబడి పది నిమిషాలు చూస్తే మరో రెండు బయటపడ్డాయి.

గుచ్ఛికి మామూలు పుట్టగొడుగులా గొడుగు ఉండదు. తెల్లటి కాడ మీద తేనెపట్టును బోర్లించినట్టు ఓ గోధుమరంగు టోపీ. ఆ టోపీ మీది గుంటల్లోనే కోట్లాది సిద్ధబీజాలు తయారై గాలికి ఎగిరిపోతాయి. మనకు కనిపించేది దాని పండు మాత్రమే. అసలు జీవి సన్నటి దారపు పోగుల్లా మట్టిలోనే అల్లుకుని ఉంటుంది. ఉరుములు ఉరిమితే గుచ్ఛి మొలుస్తుందని ఇక్కడివాళ్ల నమ్మకం. మన పల్లెల్లోనూ పుట్టగొడుగుల గురించి అదే మాట వింటాం. ఉరుము వెంట వచ్చే వాన, నేలకు తగిలే వెచ్చదనం... అసలు కారణాలు ఇవే. అందుకే మంచు సరిగా పడని ఏడాది గుచ్ఛి కూడా ముఖం చాటేస్తుందని దీదీ అంటుంది. 2024 జనవరిలో హిమాచల్‌లో వానా మంచూ దాదాపు పడనేలేదు. ఆ సంగతి ఎత్తితే ఇక్కడ అందరూ తల అడ్డంగా ఊపుతారు.

బోర్లా పడుకుంటేనే బొమ్మ

బొటనవేలంత ఉన్న గుచ్ఛిని నిలబడి ఫొటో తీస్తే మట్టిగడ్డలా వస్తుంది. కెమెరాను నేలకు ఆనించి, మనం బోర్లా పడుకోవాలి. ట్రైపాడ్ అంత కిందికి దిగదు కాబట్టి కిలో బియ్యం పోసి కుట్టిన గుడ్డసంచి మీద కెమెరా పెట్టుకున్నాం. నడినెత్తి ఎండలో టోపీ మీది గుంటలన్నీ నల్లటి మచ్చలైపోతాయి. మబ్బు పట్టిన పొద్దున, పక్కనుంచి వచ్చే వెలుగు దీనికి సరైనది. చాక్లెట్ మీది వెండికాగితాన్ని సాపు చేసి ఓ పక్కన పట్టుకుంటే నీడలోని గుంటలు కూడా చక్కగా తేరుకుంటాయి. ఫ్లాష్‌తో పనే లేదు.

దూరంగా అడవి కనిపించేలా ఓ ఫొటో తీయబోతుంటే దీదీ అడ్డం వచ్చింది. ‘గుచ్ఛిని ఎంత కావాలంటే అంత తీసుకోండి. వెనక ఆ విరిగిన చెట్టు మాత్రం పడకూడదు. దాన్ని చూస్తే మా లోయవాళ్లెవరైనా చోటు పట్టేస్తారు’ అంది. ఆమె భయం ఊరికే పోయేది కాదు. పది కిలోల పచ్చి గుచ్ఛి ఎండితే మిగిలేది సుమారు కిలో. వారాల తరబడి ఇంటిల్లిపాదీ కొండలెక్కితే గానీ అంత పోగుపడదు. దారానికి గుచ్చి పొయ్యి పైన వేలాడదీసి ఎండబెడతారు. ఊళ్లోని దుకాణదారు కొంటాడు, అతని దగ్గర్నుంచి పెద్ద వ్యాపారికి, అక్కణ్నుంచి హోటళ్లకూ విదేశాలకూ వెళ్తుంది. చేతులు మారినకొద్దీ ధర పెరుగుతుంది. దీదీ చేతికొచ్చే డబ్బు మాత్రం పిల్లల స్కూలు ఫీజులకు సరిపోతుంది. ‘ఆ చెట్టు కింద ఉన్నది మా చిన్నోడి పదో తరగతి’ అని నవ్విందామె.

పక్షికా... మనిషికా?

ఈ కొండల్లో గుచ్ఛి పెద్ద తగవునే తెచ్చిపెట్టింది. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కును 1984లో తలపెట్టినా, తుది నోటిఫికేషన్ వెలువడింది 1999లో. దాంతో పార్కు లోపల మూలికలూ గుచ్ఛీ ఏరుకునే హక్కు చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు పోయింది. వసంతం రాగానే ఇంటిల్లిపాదీ పైకెక్కి, గుడారాలేసుకుని వారాల తరబడి ఏరేవాళ్లమని దీదీ అత్తగారు చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె చూపు కొండ వైపే ఉంది.

అటవీశాఖ వాదనలోనూ బలముంది. హిమాచల్ రాష్ట్రపక్షి జుజురానా అరుదైనది. అదీ, మోనాల్ లాంటి ఇతర అడవికోళ్లూ జతకట్టి గుడ్లు పెట్టేది సరిగ్గా గుచ్ఛి కాలంలోనే. వందల మంది మనుషులు, వాళ్ల వెంట కుక్కలు అడవంతా కలియదిరిగితే గూడు నిలవదు. 2014లో ఈ పార్కుకు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. మరి ఊరి సంగతి? పోయిన ఆదాయానికి బదులుగా మహిళా పొదుపు సంఘాలు పెట్టించారు. మన డ్వాక్రా సంఘాల్లాంటివే. వానపాముల ఎరువు, ఆప్రికాట్ గింజల నూనె అమ్ముకుంటూ కొందరు నిలదొక్కుకున్నారు. కుర్రాళ్లు ట్రెక్కింగ్ గైడ్లయ్యారు. మిగిలినవాళ్లు దీదీలా పార్కు బయటి అడవుల్లోనే ఏరుకుంటున్నారు.

ఏరడం వల్ల పుట్టగొడుగులు అంతరించిపోతాయా అన్న అనుమానానికి స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు 29 ఏళ్లు పరిశీలించి 2006లో జవాబిచ్చారు. కోయడం వల్ల మరుసటి ఏళ్ల కాపు తగ్గలేదట. తగ్గింది మాత్రం నేలను తొక్కేసిన చోట! అక్కడి అడవిలో అక్కడి పుట్టగొడుగుల మీద తేలిన సంగతి అది. అయినా ఫొటోల కోసం వెళ్లే మనలాంటివాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మాట. దీదీ కాడను గోటితో గిల్లి, కదిపిన ఆకుల్ని మళ్లీ కప్పి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచింది. స్విస్ పరిశోధన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పచ్చిది తినొద్దు!

గుచ్ఛిని నిలువునా కోస్తే టోపీ నుంచి కాడ దాకా లోపలంతా ఒకే బోలు. దీన్ని పోలిన విషపు జాతి ఒకటుంది. దాని టోపీ గుంటలుగా ఉండదు, మెదడులా మడతలు పడి ఉంటుంది. కోస్తే లోపల ఇలా ఒకే బోలుగా కనిపించదు. తెలిసినవాళ్లు చూసి చెప్పకుండా అడవి పుట్టగొడుగు దేన్నీ నోట పెట్టకూడదు. అసలైన గుచ్ఛి కూడా పచ్చిగా తింటే విషమే. 2023లో అమెరికాలోని మోంటానాలో ఒక హోటల్లో పచ్చిగా, సగం ఉడికించి వడ్డించిన మోరెల్స్ తిని 51 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు.

ఆ రాత్రి దీదీ ఇంట్లో ఎండు గుచ్ఛిని అరగంట గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, ఇసుక పోయేలా కడిగి, నేతిలో బాగా మగ్గనిచ్చి పులావు వండారు. తడిసిన మట్టివాసన, కాల్చిన జీడిపప్పు రుచి కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. పదిమంది పళ్లేల్లో కలిపి పడ్డవి ఇరవై ముక్కలు. అయినా ఎవరూ తక్కువైందనలేదు.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్, విజయవాడల నుంచి రైల్లోనో విమానంలోనో ఢిల్లీ చేరాలి. ఢిల్లీ, చండీగఢ్‌ల నుంచి మనాలీ వెళ్లే రాత్రి బస్సులు ఔట్ మీదుగా వెళ్తాయి. ఔట్‌లో దిగితే బంజార్, జీభీలకు లోకల్ బస్సులూ టాక్సీలూ ఉంటాయి. రెండు చోట్లా ఊరివాళ్లు నడిపే హోమ్‌స్టేలున్నాయి. గుచ్ఛి కాలం మార్చి చివరి నుంచి మే దాకా. రాత్రిళ్లు చలి ఉంటుంది కాబట్టి స్వెటర్లు తప్పనిసరి. పార్కు లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి, అక్కడ ఏదీ కోయకూడదు. బయటి అడవుల్లో అయినా ఊరి మనిషి తోడు లేకుండా వెళ్లొద్దు. ఏరుకునే హక్కు వాళ్లది. మనకు నచ్చితే వాళ్ల దగ్గరే కొనుక్కోవచ్చు... పట్నం దుకాణంలో ఇచ్చే ధరలో సగమిచ్చినా వాళ్లకది పండగే!