మూడో చావు లెక్క

2023 ఫిబ్రవరి 4న వాణీ జయరాం పోయారన్న వార్త రాగానే నా ఫోన్లో వరసపెట్టి స్టేటస్‌లు: "అనుకున్నట్టే మూడోది." జనవరి 27న జమున, ఫిబ్రవరి 2న కె. విశ్వనాథ్, ఇప్పుడు ఈమె. పేరున్నవాళ్లు పోతే ముగ్గురేసి పోతారంట! మా స్టాఫ్ రూంలో ఫిజిక్స్ చెప్పే సారు కూడా "హమ్మయ్య, మూడు అయిపోయాయి" అన్నాడు.

విశ్వనాథ్ పోయిన రోజే దర్శకుడు సాగర్ కూడా పోయారు. ఆయన్ని ఎవరూ లెక్కలో వెయ్యలేదు. అంతకుముందు 2022లో కృష్ణంరాజు సెప్టెంబర్ 11న, కృష్ణ నవంబర్ 15న, కైకాల డిసెంబర్ 23న పోతే, వంద రోజులు సాగదీసి మరీ దాన్నొక మూడు చేశారు. కైకాల తర్వాత రెండు రోజుల్లోనే వెళ్లిపోయిన చలపతిరావు మాత్రం మిగిలిపోయాడు. వందల సినిమాల్లో హీరోల చేత తన్నులు తిన్న మనిషి, పోయాక కూడా "తదితరులు"లోనే ఉండిపోయాడు.

అమెరికా వాళ్లకీ ఈ పిచ్చి ఉంది. 2009 జూన్‌లో ఎడ్ మెక్‌మాన్, ఫరా ఫాసెట్, మైకేల్ జాక్సన్ మూడు రోజుల్లో పోయేసరికి ఇక వాళ్లను పట్టలేం. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో, ఎవర్ని వదిలెయ్యాలో లెక్కపెట్టేవాడి చేతిలోనే ఉంటే మూడెందుకు, ఏడైనా వస్తుంది.

మనకు మూడుతో భయం కొత్త కాదు. "నీకు మూడిందిరా" అంటాం (నిజానికి అది అంకె కాదు, వేరే క్రియ). శని పీనుగ తోడు లేకుండా పోదని, శనివారం చచ్చినవాళ్ల పాడెకు మా పేటలో కోడిపిల్లను కట్టేవాళ్లు. ఊళ్లో పెద్దోళ్లు పోతే ఆ కబురు మోసుకుని చుట్టుపక్కల ఊళ్లకు నడిచింది మా తాత. ఆయన పోయినప్పుడు ఊళ్లోంచి పేటకు ఒక్క మనిషి రాలేదు.

2023 ఆగస్టు 6న గద్దర్ పోయాడు. ఆయన్ని ఏ ఇద్దరితో కలిపి మూడు చేశారో మీకెవరికైనా గుర్తుందా? నాకైతే కనపడలేదు.

మిత్రులారా, చావులు నిజంగానే ఒకదాని వెనక ఒకటి వచ్చే చోటు ఒకటుంది. మ్యాన్‌హోల్. మొదటివాడు దిగుతాడు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. మోతాదు ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు, రెండు మూడు శ్వాసల్లో పడిపోతాడు. పైనున్నవాడు చూస్తూ ఊరుకోలేడు. వాడూ దిగుతాడు. ఆ ఇద్దరి కోసం మూడోవాడు.

2015 నవంబర్ 26న కోళికోడ్‌లో జరిగింది ఇదే. లోపల చిక్కుకున్న ఇద్దరూ ఆంధ్రా నుంచి పనికి పోయిన మనవాళ్లు. వాళ్లెవరో కూడా తెలియని ఒక ఆటో డ్రైవర్ కాపాడబోయి తనూ చచ్చిపోయాడు. 2016 ఆగస్టులో మాదాపూర్‌లో అయితే మూడు దగ్గర ఆగలేదు, నలుగురు. అక్కడ నాలుగోవాడు కాపాడటానికి దిగిన క్యాబ్ డ్రైవర్. మనుషుల్ని ఇట్లా దించకూడదని చట్టం వచ్చింది 2013లో. 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఒక్కో ప్రాణానికి పరిహారం పది లక్షల నుంచి ముప్పై లక్షలకు పెంచింది. దించడం మాత్రం ఆగలేదు.

ఈ మూడుకు శని అక్కర్లేదు, జాతకం అక్కర్లేదు. రెండో చావును, మూడో చావును ఆపే సామాను కూడా ఉంది. గాలిలో విషం ఎంతుందో చెప్పే చిన్న మీటరు, ఒంటికి కట్టే బెల్టు, గుంత మీద నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు. దిగినవాడు పడిపోతే పైనుంచే తాడుతో లాగొచ్చు, ఇంకొకడు దిగనక్కర్లేదు.

సెప్టిక్ ట్యాంకులు కడిగే మా బావ వరసాయన్ని మొన్న అడిగాను, అట్లాంటి స్టాండు ఎప్పుడైనా చూశావా బావా అని.

"చూశా బావా. పెళ్లిళ్లలో వీడియో తీసేవాళ్ల దగ్గర."