ఎవలి గురించి బిడ్డా?

"మేడం, నవల ఎంతదాకా వచ్చింది?" పోయిన భాగం చదివిన పిల్లలు అడుగుతున్నరు. చెప్పుకోవాల్నంటే సిగ్గే, అయినా చెప్త. మొదలువెట్టి ఆరేండ్లు దగ్గర పడ్డది. ఇప్పుడు మళ్ల మొదటి అధ్యాయంలనే ఉన్న.

మాది నస్పూర్. బాపు శ్రీరాంపూర్ బాయిలల్ల కోల్ ఫిల్లర్. తట్ట మోసి టబ్బులు నింపిన మనిషి. రాత్రి షిఫ్టు చేసొచ్చి బాపు పగలు పండుకుంటే, సప్పుడు చెయ్యొద్దని అవ్వ మమ్ముల బయటికి తోలేది. బాయిల ఏం జరిగేదో మాకు తెల్వదు, బాపు దగ్గు మాత్రం తెల్సు. సప్పుడు చెయ్యకుంట పెరిగిన పిల్లల కథే నా నవల.

కాలేజీ పాఠాలు, పేపర్లు దిద్దుడు, ఇంట్ల వంట, కొడుకు హోంవర్కు అయినంక రాత్రి పదకొండుకు కూసుంటే రెండు పేజీలు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మనోళ్లు ముందుగాల పాటనూ కవిత్వాన్నీ ఎందుకు అందుకున్నరో నాకు అప్పుడే సమజైంది. కవిత్వం బస్సుల కూసోని కూడా రాయొచ్చు. నవలకు నెలలకు నెలలు కావాలె. మన వాడల గురించిన పేరున్న నవల 'మాలపల్లి' (1922). దాన్ని ఉన్నవ లక్ష్మీనారాయణ అనే బారిస్టరు జైల్ల ఉండి రాసిండు. జైలన్నా దొరికితే బాగుండు అని ఒకట్రెండు రాత్రులు అనుకున్న. తప్పే, కని అనుకున్న.

మొదటి రాత నాలుగేండ్లు పట్టింది. నడుమల ఒక అధ్యాయం పత్రికల అచ్చయింది. ఎవరో ఒకామె ఫోన్ చేసి "మా ఆయన కూడా పగలే పండుకుంటడమ్మా" అని పెట్టేసింది. ఆ వారమంత నేను నేల మీద నడవలే.

తర్వాత ఏడాది దాకా ఎవ్వరూ పలుకలే. ఆఖరికి ఒక ప్రచురణకర్త వేస్తనన్నడు, ఒక్క షరతు మీద. సంభాషణల్ల యాస ఉండనియ్యచ్చట, కథనం మాత్రం అందరికీ అర్థమయ్యే భాషల ఉండాల్నట.

నా పీహెచ్‌డీ దళిత నవల మీదనే. వేముల ఎల్లయ్య 'కక్క' (2000) మాటలనే కాదు, కథనాన్ని కూడా వాడ భాషల నడిపిందని మెచ్చుకుంట ముప్ఫై పేజీలు రాసిన. అదే నేను ఆ షరతుకు ఎదురు చెప్పలే. అట్ట మీద పేరు చూసుకోవాల్నన్న ఆశ గంత చెడ్డది. ఎనిమిది నెలలు కూసోని మార్చిన. బాయి గని అయింది. అవ్వ తల్లి అయింది. "బాపు పండుకున్నడు" పోయి "తండ్రి నిద్రించాడు" వచ్చింది. అంటే నా నవలల మావాళ్లు మాట్లాడొచ్చు, కని వాళ్లను చూసే కన్ను మాత్రం వేరేవాళ్లది.

బాపు ఇప్పుడు రిటైరయిండు. సంతకం తప్ప చదువు రాదు. ఒక ఆదివారం పక్కన కూసోని రాత్రి షిఫ్టు అధ్యాయం సదివిన. కదలకుండ విన్నడు.

"మంచిగున్నది బిడ్డా. ఎవలి గురించి?"

"నీ గురించే బాపు."

నవ్విండు. "నేనెన్నడన్న నిద్రించిన్నా? బాయి నుంచొచ్చి పడిపోయేటోన్ని."

నవ్వుకుంటనే అన్నడు. నాకు మాత్రం ఆ పూట అన్నం దిగలే. ప్రచురణకర్తను తిడుదామనుకున్న. తిట్టే హక్కు నాకేడిది? ఇదే కాలేజీల ఒక పిల్లగాడు జవాబు పత్రంల "పోయిండు" అని రాస్తే ఎర్ర సిరాతో గీత గీసి మార్కు కోసిన లెక్చరర్‌ను నేనే. ఆ పిల్లగాడు ఇది చదివితే నాకు ఫోన్ చెయ్యాలె.

పుస్తకం వాపసు తీసుకుంటున్నని ప్రచురణకర్తకు రాసిన. జవాబు రాలే, రాదు కూడా. ఇంకొకరు వేస్తరన్న నమ్మకమూ లేదు. పాత రాత నోటుబుక్కులల్ల ఉన్నది, అండ్లకెల్లి మళ్ల ఎక్కిస్తున్న. ఆదివారం ఆదివారం బాపుకు సదివి వినిపిస్తున్న.

మొన్న రెండో పేజీల ఆపిండు. "మిమ్ముల తోలుడే కాదు బిడ్డా, మీ అవ్వ చీపురు పట్టుకొని వాకిట్ల నిలవడేది, నేను లేసేదాక. పక్కింటోళ్ల రేడియో కూడా బంద్ చేపిచ్చేది. అది రాసినవా?"

రాయలే. ఈ రాత్రి రాస్త.

జై భీమ్.