ట్రియర్ లంకెబిందె

జర్మనీ పశ్చిమపుటంచున, మోసెల్ నదీతీరాన వెలసిన ప్రాచీన నగరం ట్రియర్. క్రీ.శ. 170 ప్రాంతంలో రోమన్లు నిర్మించిన సింహద్వారం పోర్టా నీగ్రా, నల్లబడిన రాళ్ళతో నేటికీ అక్కడ ఠీవిగా నిలిచి ఉంది. కాని ఆ నగరపు అసలు సిరి నేలలో దాగి ఉండినది.

1993లో భూగర్భంలో కార్లు నిలిపే చోటు కోసం తవ్వుతుండగా ఒక కంచు పాత్ర బయల్పడింది. అందులో 2,500కు పైగా బంగారు నాణేలు; తూకం సుమారు 18.5 కిలోలు! వీటినే ‘ఆరియస్’లంటారు. నేడవి స్థానిక పురావస్తు ప్రదర్శనశాలను అలంకరిస్తున్నాయి.

బొమ్మ వైపు చక్రవర్తి ముఖమో, రాణి ముఖమో; చుట్టూ బిరుదావళి. ఇక బొరుసు వైపు, ఆనాటి ఆరియస్‌లపై తరచు కన్పించేది దేవతాగణం: రెక్కలు చాచిన విజయలక్ష్మి, త్రాసు పట్టిన సమతాదేవి, సర్పానికి ఆహారమందించే ఆరోగ్యదేవత. వార్తాపత్రికలు లేని ఆ రోజుల్లో పాలకుని మాటను సామ్రాజ్యపు పొలిమేరలకు మోసుకుపోయిన దూతలవి.

కాని బొరుసు చెప్పినదొకటి, లోకంలో జరిగినదొకటి. 165 మొదలు మహామారి సామ్రాజ్యాన్ని పీడించింది. 193లో సింహాసనం కోసం అంతర్యుద్ధం చెలరేగింది. ఆ మంటలు ట్రియర్‌నూ తాకాయి. ఈ నిధి చివరిసారి నేలపాలైనది ఆ సంక్షోభంలోనేనని పండితుల అభిప్రాయం. దాచిన చేతులు మళ్ళీ తవ్వుకోలేదు.

ఈ కథకు తెలుగునేలపై ఒక తోబుట్టువుంది. 1780లలో నెల్లూరు సమీపాన ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం అడ్డు తగిలింది. శిథిలమైన చిన్న గుడి కింద ఒక కుండ, దాని నిండా రోమన్ నాణేలు! ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టీనాల ముఖాలు. అతడు వాటిని పాత బంగారంగా అమ్ముకున్నాడు. ముప్పై పైచిలుకు దక్కాయి; తక్కినవి చాలావరకు మూసలో కరిగిపోయి ఉంటాయి. కడుపు నింపుకోవలసిన రైతును తప్పుపట్టలేము. కాని సముద్రాలు దాటి వచ్చిన ఆ ముఖాలు ఇక తిరిగిరావు.

ట్రియర్ నిధికీ ఆ గండం తప్పలేదు. 2019 అక్టోబరులో దొంగలు ప్రదర్శనశాలలో చొరబడి, అద్దాల పేటికను సుత్తెలతో మోదారు. అద్దం లొంగలేదు; వారు వట్టిచేతులతో పారిపోయారు.

కరిగిస్తే బంగారానికి తూకం తగ్గదు. కరిగిపోయేది చరిత్ర ఒక్కటే.